వెండి చూసే గది

కరీంనగర్ ఫిలిగ్రీ లాకెట్టు ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి. సన్నగా లాగిన వెండి తీగలు రెండింటిని మెలిపెట్టి, ఆ మెలికను కాస్త అణిచి, కొంచెం మందపాటి తీగతో కట్టిన చట్రంలో చుట్టలు చుట్టలుగా కూర్చి, వెలిగారం వేసి మాటు పెట్టిన పని అది. ఆకులో ఈనెలు, పువ్వులో రేకలు, ఏ తీగకా తీగ విడిగా తెలుస్తుంది. ఇప్పుడు దాన్ని బల్లమీద పెట్టి, ట్యూబ్‌లైటు వెలుగులో ఫోన్‌తో ఫొటో తీయండి. కొన్ని తీగలు తెల్లటి గీతలై పేలిపోతాయి, మిగిలినవి బొగ్గు గీతల్లా మిగులుతాయి. పువ్వెక్కడ, ఆకెక్కడ అని వెతుక్కోవాలి. వెలుగు చాల్లేదనుకుని ఫ్లాష్ వేస్తే ఉన్నది కూడా పోతుంది.

అక్కడ వెలుగుకు కొదవ లేదు. లాకెట్టు పక్కనే ఒక తెల్ల కాగితం పెడితే అదే ట్యూబ్‌లైటు కింద కాగితం నిక్షేపంగా కనబడుతుంది. తేడా అంతా ఆ రెండూ కాంతిని తిప్పికొట్టే తీరులో ఉంది. కాగితం తన మీద పడ్డ కాంతిని అన్ని వైపులకూ వెదజల్లుతుంది. బడి పుస్తకాల్లో దీన్నే క్రమరహిత పరావర్తనం అన్నారు. అందుకే కాగితాన్ని ఏ మూల నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. మట్టి నగలు, నూలు పూసలు, చెక్క గాజులు ఈ జాతివే. మెరుగు పెట్టిన వెండి తీరు వేరు. పడ్డ కాంతిలో 95 శాతానికి పైగా తిప్పికొడుతుంది కానీ, ఏ కోణంలో వచ్చిందో సరిగ్గా అదే కోణంలో అవతలికి పంపిస్తుంది. కాబట్టి మీరు వెండి వైపు చూసినప్పుడు మీ కంటికి చేరేది వెండి ఎదురుగా ఉన్న వస్తువు రూపమే. ట్యూబ్‌లైటు, సీలింగు, ఫ్యాను రెక్క, మీ చొక్కా, చేతిలోని ఫోను. నగను ఫొటో తీస్తున్నామనుకుంటాం, నిజానికి తీస్తున్నది నగలో కనబడే గదిని.

ఈ మాటను పట్టుకుని కొంచెం లెక్క వేద్దాం. నాలుగు అడుగుల పొడవు, అంగుళం లావు ఉన్న ట్యూబ్‌లైటు నగకు ఆరడుగుల ఎత్తున ఉందనుకోండి. బల్లమీద పడుకున్న లాకెట్టుకు తలపైన కనబడే అర్ధగోళమంతటిలో ఆ ట్యూబు ఆక్రమించే జాగా వెయ్యోవంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగతాదంతా మసక సీలింగు, మసక గోడలు. తీగ వంపుల్లో ఏ ముక్క ఆ వెయ్యోవంతు వైపు తిరిగి ఉందో అది మాత్రమే మెరుస్తుంది, మిగతా తీగంతా మసక గోడను చూపిస్తూ నల్లగా ఉంటుంది. ఫొటోలో కనబడినవి సరిగ్గా అవే, తెల్ల గీతలూ బొగ్గు గీతలూ.

ఇప్పుడు అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న అట్ట చట్రానికి బటర్ పేపర్ అంటించి, లాకెట్టుకు ఆరంగుళాల పైన పట్టుకోండి. దాని వెనక నుంచి ఎల్‌ఈడీ బల్బు వెలిగించండి. అడుగు భుజం ఉన్న పెట్టె మధ్యలో కూర్చుని పైకప్పు చూస్తే ఎలా ఉంటుందో లాకెట్టుకు ఆ కాగితం అలా ఉంటుంది. పెట్టెకు ఆరు ముఖాలు కాబట్టి ఆ ఒక్క ముఖం మొత్తం దిక్కుల్లో ఆరో వంతు, పై అర్ధగోళంలో మూడో వంతు. వెయ్యోవంతు నుంచి మూడో వంతుకు వచ్చాం. బల్బు అదే, కరెంటు ఖర్చు అదే, పైగా కాగితం కొంత కాంతిని మింగేసింది కూడా. అయినా తీగలు నిండుగా తెల్లబడి పువ్వు విచ్చుకుంటుంది. స్టూడియోల్లో వేలు పోసి కొనే సాఫ్ట్‌బాక్సు చేసే పని కూడా ఇదే. నగ చిన్నది కాబట్టి మనకు అడుగు కాగితమే చాలు. మనిషిని ఫొటో తీసేవాడికి ఈ సౌకర్యం లేదు పాపం, వాడికి ఇదే మూడో వంతు కావాలంటే గదంత కాగితం కావాలి.

కెమెరాను నేరుగా నగ నెత్తిన పెడితే ఆ కాగితానికి అడ్డం వస్తుంది. అందుకని కాగితాన్ని కొంచెం వెనక్కి, వాలుగా పెట్టి, కెమెరాను ఎదురు వాలులో పెట్టడం మేలు. పతన కోణం, పరావర్తన కోణం సమానం అన్న ఎనిమిదో తరగతి సూత్రమే ఇక్కడ కొలబద్ద. సరిగ్గా పెట్టామో లేదో చూసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. నగ ఉన్న చోట చిన్న చేతి అద్దం ముక్క పెట్టి కెమెరాలోంచి చూడండి. అద్దం నిండా తెల్ల కాగితమే కనబడితే చదును నగ ఏది పెట్టినా మెరుస్తుంది. అద్దంలో సీలింగు కనబడుతుంటే కాగితాన్ని జరపాలి.

బిళ్లలు, కాసులు, చదును పతకాలకు ఇంతవరకు చెప్పింది సరిపోతుంది. గుండ్ల పేరు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో పెట్టే ఉబ్బెత్తు అద్దం రెండు వైపుల రోడ్డునూ ఎలా చూపిస్తుందో, గుండు అంతకంటే ఎక్కువ చూపిస్తుంది. సరిగ్గా తన వెనక దాగిన ముక్క తప్ప ప్రపంచమంతా దాని మీద ఉంటుంది. ఎంత భాగంలో ఏం కనబడుతుందో కూడా కట్టవచ్చు. గుండు ఉపరితలం మనకు ఎదురుగా ఉన్న చోట నుంచి 45 డిగ్రీలు తిరిగేసరికి, అక్కడ తగిలిన చూపు 90 డిగ్రీలు మళ్లి పక్కకు పోతుంది. ఆ గీత దాటితే కనబడేదంతా గుండుకు వెనక వైపున్నది. కంటికి గుండ్రని బిళ్లలా కనబడే ఆ ముఖంలో ఈ 45 డిగ్రీల గీతకు లోపల సగం వైశాల్యం, బయట సగం వైశాల్యం. అంటే గుండును ఒక బట్ట మీద పెట్టి పైనుంచి ఫొటో తీస్తే, గుండు ముఖంలో సరిగ్గా సగం ఆ బట్టే.

నేపథ్యం గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ లెక్కలోనే ఉంది. బట్ట ఎంచుకునేటప్పుడు అందరూ నగ వెనక ఏ రంగు బాగుంటుందని ఆలోచిస్తారు. బట్ట నగ వెనక మాత్రమే ఉండదు, నగ లోపల కూడా ఉంటుంది. ఎర్ర బట్ట మీద వెండి గుండ్లు పెడితే అవి సగం ఎర్రగా ఉంటాయి. అరిటాకు మీద పెడితే సగం పచ్చగా ఉంటాయి. పట్టుచీర మీద బంగారు నగ పెట్టి తీయడం మన దగ్గర బాగా వాడుక. పెళ్లి ఆల్బమ్‌కు సరే. నగ చేసిన చేతి పని చూపించాలంటే మాత్రం నాకది నచ్చదు. జరీ కూడా లోహమే, అదీ ముక్కలు ముక్కలుగా మెరుస్తుంది, చీర రంగేమో నగలోకి దూరుతుంది. ఏది నగో ఏది అంచో కన్ను తేల్చుకోవాల్సి వస్తుంది.

రంగు బట్టతో ఇంకో తికమక ఉంది. ఫ్రాన్సులో గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకం శాఖ చూసిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రూల్‌కు అక్కడి నల్లరంగు సరిగా లేదని ఫిర్యాదులు వచ్చేవి. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు, పక్కన నేసిన నీలం, ఊదా దారాలే నలుపును వెలిసినట్టు చూపిస్తున్నాయి. పక్క రంగు ఏదైతే దాని ఎదురు రంగు వైపుకు కన్ను మొగ్గుతుందని ఆయన 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. దాని ప్రకారం ఎర్ర బట్ట పక్కన వెండి మన కంటికి రవ్వంత ఆకుపచ్చ వైపుకు జరగాలి. భౌతికంగా చూస్తే వెండిలో ఎరుపు ప్రతిబింబిస్తోంది. ఒకటి అటు లాగితే ఒకటి ఇటు లాగుతుంది, నగను చేతిలో పెట్టుకున్నప్పుడు మెదడు రెండింటినీ సర్దేసి వెండిని వెండిలాగే చూపిస్తుంది. కెమెరాకు ఆ సర్దుబాటు తెలియదు. లోహంలో పడ్డ ఎరుపును పడ్డట్టే రాసుకుంటుంది. ఫొటో చూశాక "చేతిలో ఉన్నప్పుడు ఇలా లేదే" అనిపించడానికి సగం కారణం ఇదే.

మన బంగారు కొట్లలో నగను గులాబీ రంగు కాగితంలో చుట్టి ఇచ్చే ఆచారం ఉంది కదా. బంగారం విషయంలో ఎర్రటి పరిసరం వెండికి చేసినంత చెరుపు చెయ్యదు. బంగారం ఎరుపు కాంతిని 90 శాతానికి పైగా తిప్పికొడుతుంది, నీలాన్ని 40 శాతం లోపే. పక్కన ఎరుపు ఉంటే బంగారం దాన్ని ఆనందంగా అందుకుని ఇంకాస్త నిండుగా కనబడుతుంది. అదే నీలం బట్ట మీద పెడితే, నగలో నీలం ప్రతిబింబించాల్సిన సగం చీకటిగా మిగిలిపోతుంది. నీలం మీద బంగారం గట్టిగా విడిపోయి కనబడటానికి రంగుల వైరం ఒక్కటే కారణం అనుకుంటాం కానీ, నగ అంచుల్లో ఏర్పడే ఈ చీకటి కూడా కారణమే.

బంగారానికి ఆ పసుపు ఎక్కడి నుంచి వచ్చిందన్నది వేరే కథ, రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. బంగారం పరమాణు కేంద్రకంలో 79 ప్రోటాన్లు ఉంటాయి. ఆ ఆకర్షణకు లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో తిరుగుతాయి. ఐన్‌స్టీన్ సాపేక్షత చెప్పిన ప్రభావాలు పరమాణువు కక్ష్యలను సర్దుబాటు చేసి, నీలం కాంతిని మింగే గుణం తెచ్చిపెడతాయి. ఆ ప్రభావాలే లేకపోతే బంగారం కూడా వెండిలా తెల్లగా ఉండేది, కంసాలికి ఒకటే లోహం మిగిలేది.

తిరిగి బల్ల దగ్గరికి. వెండికైనా బంగారానికైనా పరిసరమంతా తెల్లగా ఉంటే గొడవ వదిలిపోతుంది కదా అనిపిస్తుంది. ఆ ఆలోచన నుంచే లైట్ టెంట్ పుట్టింది. తెల్ల బట్టతో కుట్టిన చిన్న గుడారం, లోపల నగ, బయట దీపాలు. ఆన్‌లైన్ దుకాణాలు అడిగే పాలరాయి తెలుపు ఫొటోలన్నీ దాదాపు ఇలా తీసినవే. యంత్రం మీద అచ్చు కొట్టిన గొలుసుకు ఇది చాలు. చేత్తో చేసిన నగకు ఇది ద్రోహమని నా అభిప్రాయం. ఎందుకంటే అన్ని వైపులా ఒకే తెలుపు ఉంటే లోహం ఎటు వంగినా అదే తెలుపును చూపిస్తుంది. వంపుకూ వంపుకూ తేడా ఉండదు. సుత్తి దెబ్బల గుర్తులు, నక్షీ పనిలో లక్ష్మీదేవి ముక్కు మీద ఎత్తు, తీగ మెలికలోని గరుకు, అన్నీ చదునైపోతాయి. బూడిద కాగితం కత్తిరించి అంటించినట్టు నగ బల్లపరుపుగా ఉంటుంది. పైగా తెల్ల నేపథ్యంలో వెండి అంచు ఎక్కడ ఆగిందో తెలియదు.

లోహం వంపు కనబడాలంటే లోహం చూసే గదిలో తేడాలు ఉండాలి. మెల్లగా మారే తేడాలు. మన బటర్ పేపర్ చట్రానికి ఇక్కడే అసలు సత్తా ఉంది. వెనకున్న బల్బును కాగితానికి దూరంగా పెడితే కాగితమంతా ఒకే తెలుపు. బల్బును దగ్గరికి తెస్తే కాగితం నడుమ ప్రకాశంగా, అంచుల వైపు క్రమంగా మసకగా ఉంటుంది. ఆ క్రమం నగలో దిగుతుంది. గుండు మీద తెలుపు నుంచి బూడిదకు, బూడిద నుంచి నలుపుకు జారే నీడ ఏర్పడి గుండు గుండ్రంగా కనబడుతుంది. సుత్తి దెబ్బ పడిన ప్రతి చిన్న పల్లమూ ఆ క్రమంలో ఒక వేరే మెట్టును చూపిస్తుంది. బల్బును రెండంగుళాలు ముందుకూ వెనక్కూ జరుపుతూ నగను చూస్తూ ఉండండి, పనివాడి చెయ్యి ఏ చోట బాగా కనబడితే అక్కడ ఆపండి. అంచులు తెలుపులో కలిసిపోతుంటే నల్ల చార్టును వేలెడు వెడల్పున కత్తిరించి, ఫొటోలోకి రాకుండా నగకు రెండు పక్కలా నిలబెట్టండి. వెండి అంచున సన్నటి నల్ల గీత పడుతుంది. పెన్సిల్‌తో గీసినంత శుభ్రంగా ఆకారం తేలుతుంది.

ఈ కాగితం తెరకు ఇంకో గుణం ఉంది, మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. తెరను, దాని వెనక బల్బును కలిపి నగకు రెట్టింపు దూరం జరపండి. నగ కింది బట్ట మీద వెలుగు బాగా పడిపోతుంది, తెర తన వెడల్పుతో పోలిస్తే చాలా దూరంలో ఉన్నప్పుడైతే దాదాపు నాలుగో వంతుకు, విలోమ వర్గ నియమం. వెండిలో కనబడే తెర ప్రకాశం మాత్రం తగ్గదు. దూరంగా నిలబడి చూసినంత మాత్రాన ఎదురింటి సున్నం గోడ నల్లబడదు, చిన్నదవుతుంది, అంతే కదా. అద్దంలోని తెర కూడా అంతే. అంటే వెండి తెలుపును ముట్టుకోకుండా బట్ట నలుపు తెలుపులను మార్చే తాళంచెవి దూరంలో ఉంది. చదును పతకాన్ని బూడిద రంగు కాగితం మీద పెట్టి తెరను దగ్గర పెడితే కాగితం లేత బూడిదగా, దూరం పెడితే ముదురు బూడిదగా వస్తుంది. పతకం నిండా తెర కనబడుతున్నంత వరకు ఈ ఆట సాగుతుంది. గుండ్లతో సాగదు, తెర చిన్నదైన కొద్దీ గుండు మీద మచ్చ కూడా చిన్నదైపోతుంది.

నలుపు కావాలనుకునేవాళ్లకు మఖ్మల్ మొదట గుర్తొస్తుంది. నల్ల కాగితం కూడా పడ్డ కాంతిలో నాలుగైదు శాతం తిప్పికొడుతుంది. మఖ్మల్ నూగులోకి దూరిన కాంతి పోగు నుంచి పోగుకు తగులుతూ ప్రతిసారీ కొంత కోల్పోయి బయటికి ఒక శాతం కూడా రాదు. నలుపు చిక్కగా ఉంటుంది. దుమ్ము కణం, దారపు పోగు మాత్రం నక్షత్రాల్లా మెరుస్తాయి, ఫొటో తీసే ముందు సెల్లో టేపు అంటించి లాగడం తప్పదు. నల్ల అక్రిలిక్ పలక ఇంకో రకం. నగ నీడ నీళ్లలో పడ్డట్టు దాని మీద కనబడుతుంది, కానీ పలక మీద తెర కూడా కనబడి నలుపు కాస్తా పాలిపోతుంది. దీనికి ధ్రువణ ఫిల్టరు వాడతారు. 1808లో పారిస్‌లో ఎటియెన్ మాలూస్ లక్సెంబర్గ్ భవనం కిటికీ అద్దాల్లో పడ్డ సూర్యకాంతిని ఒక స్ఫటికంలోంచి చూస్తూ, స్ఫటికాన్ని తిప్పితే ప్రతిబింబం వెలుగు మారడం గమనించాడు. గాజు, నీరు, అక్రిలిక్ లాంటివి తిప్పికొట్టే కాంతి ఒక వాలులో పూర్తిగా ఒకే తలంలో కంపిస్తుంది, అక్రిలిక్‌కు ఆ వాలు లంబం నుంచి సుమారు 56 డిగ్రీలు. లోహానికి ఆ గుణం దాదాపు లేదు. అందుకని 56 డిగ్రీల వాలులో కెమెరా పెట్టి ఫిల్టరును తిప్పితే పలక మీది తెల్లదనం మాయమవుతుంది, వెండి మెరుపు మెరుపుగానే మిగులుతుంది. పోలరాయిడ్ చలువ కళ్లద్దాలుంటే ఫోను లెన్సు ముందు పట్టుకుని తిప్పి చూడండి.

నేపథ్యం తెలుపైనా నలుపైనా కెమెరాకు ఒక మూఢనమ్మకం ఉంది. కనబడేదంతా సగటున పద్దెనిమిది శాతం బూడిద అని అది అనుకుంటుంది. తెల్ల కాగితం చూపిస్తే "వెలుగు ఎక్కువైంది" అని తగ్గించి కాగితాన్ని బూడిద చేస్తుంది, నల్ల మఖ్మల్ చూపిస్తే "చీకటిగా ఉంది" అని పెంచి వెండిని తెల్లగా కాల్చేస్తుంది. తెల్ల బట్టకు ఎక్స్‌పోజర్ పెంచాలి, నల్ల బట్టకు తగ్గించాలి. మొదట్లో అందరూ తలకిందులుగా చేస్తారు. రంగు విషయంలోనూ ఇలాగే, ఫ్రేము నిండా బంగారం చూపిస్తే ఫోను దాన్ని దీపపు పసుపు అనుకుని సరిదిద్ది పాలిపోయిన బంగారాన్ని ఇస్తుంది. మొదట తెల్ల కాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ బిగించేసుకోవడమే దీనికి మందు.

ఇక ముత్యాలు, రాళ్లు. ఇంతసేపూ లోహం కోసం కట్టిన గది వీటిలో కొన్నింటికి పనికిరాదు.

హైదరాబాద్‌లో ముత్యం కొనేటప్పుడు అనుభవమున్నవాళ్లు దాన్ని దీపం కింద దొర్లించి చూస్తారు. ముత్యం మీద దీపపు మచ్చ అంచులు ఎంత పదునుగా ఉంటే నిగారింపు అంత మంచిదని లెక్క. ముత్యం ఆరగొనైట్ అనే సున్నపు పలకలు పొరలు పొరలుగా పేర్చిన కట్టడం. ఒక్కో పలక మందం సుమారు అర మైక్రాన్, అంటే కాంతి తరంగదైర్ఘ్యం స్థాయిలోనే. పొరపొర నుంచి తిరిగొచ్చే కాంతి కలిసి, కొన్ని రంగులు బలపడి, కొన్ని చెరిగి లేత గులాబీ, లేత పచ్చ జీరలు పుడతాయి. సి.వి. రామన్ 1930ల్లో బెంగళూరులో ఆల్చిప్పల రంగుల మీద ఈ దృష్టితోనే పరిశోధన చేశాడు. లైట్ టెంట్‌లో పెడితే ముత్యానికి మచ్చే ఉండదు, జీరలు తెలుపులో కరిగిపోతాయి, ప్లాస్టిక్ పూసకూ దానికీ తేడా తెలియదు. ముత్యానికి ఒకే ఒక తెర, ఒకే వైపు నుంచి, అవతలి పక్క చీకటి. ఒక్కో ముత్యం మీద కిటికీ ఆకారంలో ఒక్క మచ్చ కనబడితే చాలు.

వజ్రానిది మరీ ఎదురు కోరిక. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన రాయి అయినా, ప్రయోగశాలలో పెంచినదైనా, వజ్రం వక్రీభవన గుణకం 2.42. గాజుకు ఒకటిన్నర. ఆ తేడా వల్ల వజ్రంలోకి దూరిన కాంతి లోపలి ముఖానికి లంబం నుంచి సుమారు 24 డిగ్రీల కంటే ఎక్కువ వాలులో తగిలితే బయటికి పోలేక లోపలికే మళ్లుతుంది. రెండు మూడు సార్లు అలా మళ్లి పైముఖం గుండా తిరిగొస్తుంది, వచ్చేటప్పుడు రంగులుగా విడిపోతుంది. దీపం చిన్నదైతే ఒక కోణంలో ఎరుపు, పక్క కోణంలో నీలం విడివిడిగా కంటికి తగులుతాయి. దీపం అడుగు వెడల్పు తెర అయితే తెరలోని ఒక చోటి ఎరుపు మీద ఇంకో చోటి నీలం పడి మళ్లీ తెలుపే. కొట్టులో సీలింగు నిండా చిన్న చిన్న దీపాలు గుచ్చిపెట్టడం ఇందుకే. లోహానికి పెద్ద దీపం, రాయికి చిన్న దీపం. రెండూ ఉన్న ఉంగరానికి రాజీ కుదర్చాలి, పైన తెర ఉంచి, పక్క నుంచి ఏ కాగితమూ అడ్డులేని చిన్న ఎల్‌ఈడీ ఒకటి రాయి మీదికి గురిపెట్టాలి.

ఎంత గురిపెట్టినా ఫొటోలో వజ్రం చేతిలోని వజ్రమంత మెరవదు. చేతిలో ఉన్నప్పుడు నగ కదులుతుంది, తల కదులుతుంది, మెరుపులు చోటు మారుతుంటాయి. దాంతోపాటు మనకు రెండు కళ్లు. ఎడమ కంటికి మెరిసిన ముఖం అదే క్షణంలో కుడి కంటికి నల్లగా ఉండవచ్చు. ఈ పొత్తు కుదరని రెండు దృశ్యాలను మెదడు కలిపినప్పుడే తళుకు అనే అనుభవం పుడుతుందని 19వ శతాబ్ది మధ్యలో జర్మన్ శాస్త్రవేత్త హైన్‌రిష్ డోవె స్టీరియోస్కోప్‌తో చూపించాడు. కెమెరాది ఒంటికన్ను. నగల వీడియోల్లో ఉంగరాన్ని అలా మెల్లగా తిప్పుతూ ఉండటం ఊరికే కాదు.

రంగు రాళ్లలో ముందుగా అడగాల్సింది రాయి వెనక ఏముందని. కుందనపు పనిలో రాయి వెనక మూసేసి రేకు పెడతారు, వచ్చిన కాంతిని ఆ రేకే తిప్పి పంపుతుంది. దానికి వెలుగు ముందు నుంచే రావాలి. వెనక తెరిచి ఉంచిన పచ్చకైతే అడుగున చిన్న తెల్ల కాగితం ముక్క వాల్చి పెడితే లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది. అమ్మకానికి పెట్టే ఫొటోలో మాత్రం ఇది మితంగా ఉండాలి, మెడలో వేసుకున్నప్పుడు ఆ కాగితం ఉండదు కదా. కెంపులో క్రోమియం ఉంటుంది, అది ఎండలోని నీలం, అతినీలలోహిత కాంతులను మింగి 694 నానోమీటర్ల దగ్గర ఎరుపును తానే వెలువరిస్తుంది. 1960లో మొదటి లేజర్ వెలిగింది ఈ గుణంతోనే. నాట్య నగల్లో పెట్టే గాజు కెంపులకు ఈ సొంత వెలుగు లేదు. చౌక ఎల్‌ఈడీలతో ఇంకో చిక్కు, వాటి కాంతిలో ముదురు ఎరుపు పలచగా ఉంటుంది. బల్బు డబ్బా మీద రాసే సీఆర్‌ఐ అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే, ముదురు ఎరుపును కొలిచే తొమ్మిదో నమూనా అందులో కలవదు. అందుకే 80 అని రాసి ఉన్న బల్బు కింద కూడా కెంపు గోధుమరంగుకు తిరుగుతుంది. కెంపుల నగలు తీసేవాళ్లు ఆ తొమ్మిదో అంకె విడిగా చెప్పే బల్బు కొనాలి, లేదా పగటి వెలుగుకు వెళ్లాలి.

పగటి వెలుగంటే ఎండ కాదు. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ, ట్యూబ్‌లైటు కంటే అన్యాయమైన చిన్న దీపం. మబ్బు పట్టిన ఆకాశం మంచి తెర, మబ్బు లేనప్పుడు ఎండ పడని కిటికీ. ఫొటోగ్రఫీ పుస్తకాలు ఉత్తరపు కిటికీ దగ్గర కూర్చోమంటాయి. ఆ సలహా ఐరోపా చిత్రకారుల స్టూడియోల నుంచి వచ్చింది, అక్కడ నడినెత్తికి సూర్యుడు ఎన్నడూ రాడు, పగటి నడిమి ఎండంతా దక్షిణం వైపే. హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల చిల్లర అక్షాంశం మీద. మే 9 ప్రాంతంలో నీడలేని మధ్యాహ్నం ఒకటి, ఆగస్టు మొదటి వారంలో మరొకటి వస్తాయి. ఆ రెంటి నడుమ దాదాపు మూడు నెలలు సూర్యుడు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్క క్షణం కూడా దక్షిణం వైపుకు రాడు. విజయవాడ ఇంకా దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ ఈ కాలం ఇంకొన్ని రోజులు ఎక్కువ. ఆ రోజుల్లో ఉత్తరపు కిటికీలోకి పొద్దునా సాయంత్రమూ ఏటవాలు ఎండ దూరుతుంది. నగలు, బటర్ పేపర్ చట్రం సర్దుకుని దక్షిణపు కిటికీ దగ్గరికి మారాలి.